మన గదిని ఏ ఫ్యాక్టరీ చూసింది?

"ఇంత శ్రమ పడే బదులు మంచివి కొనుక్కోవచ్చు కదా బాబాయ్?"

మా అన్నయ్య కొడుకు ఈ మాట అడిగినప్పుడు నేను వసారాలో కూర్చుని ప్లైవుడ్ అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాను. వాడు ప్రేమగానే అడిగాడు. ఇంటికొచ్చే చుట్టాలు, ఆఫీసులో స్నేహితులు, చివరికి స్పీకర్లు అమ్మే షాపువాళ్లు కూడా ఇదే అడుగుతారు. అందరి మాట వెనకా ఉన్న నమ్మకం ఒకటే: స్పీకర్ తయారీ ప్రయోగశాలలున్న కంపెనీల పని, ఇంట్లో చేసుకునేది డబ్బు చాలనివాళ్ల సర్దుబాటు. ఈ నమ్మకం ఎంతగా నాటుకుపోయిందంటే, ఇంట్లో స్పీకర్లు చేసుకునేవాళ్లే చాలామంది "చవకలో అయిపోయింది" అని చెప్పుకుంటూ తమ పనిని తామే తక్కువ చేసుకుంటున్నారు.

ఇది నేను ఒప్పుకోను. స్పీకర్ పని ఫ్యాక్టరీ గేటు దగ్గర పూర్తి కాదు, అది మోగే గదిలో పూర్తవుతుంది. ఆ మిగిలిన పని చేయగలిగింది ఆ గదిలో ఉండే మనిషే.

ముందు పూర్వపక్షం తీసుకుందాం. ప్రయోగశాల లేనిదే మంచి స్పీకర్ రాదంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో బట్టల వ్యాపారంలో ఉన్న గిల్బర్ట్ బ్రిగ్స్ తన ఇంటి నేలమాళిగలో స్పీకర్లు కట్టాడు. 1932లో వార్ఫ్‌డేల్ కంపెనీ అలా పుట్టింది. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో, 1946లో, పాల్ క్లిప్ష్ ఒక రేకుల షెడ్డులో స్పీకర్ల తయారీ మొదలుపెట్టాడు. మూసిన పెట్టెలో చిక్కిన గాలినే కోన్‌కు స్ప్రింగుగా వాడుకోవచ్చని ఎడ్గర్ విల్చర్ పెద్ద కంపెనీలకు చెబితే అవి పట్టించుకోలేదు. ఆయన తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో సొంతంగా ఏఆర్-1 తెచ్చాడు. బీరువా అంత పెట్టె ఉంటేనే వస్తుందనుకున్న లోతైన బేస్ అప్పటినుంచి చిన్న పెట్టెలోంచి వస్తోంది. సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కొలత పరికరాల ఇంజినీరు. స్పీకర్లు ఆయన ఉద్యోగం కాదు, ఇష్టం. 1976లో ఆయన ప్రచురించిన క్రాసోవర్ పద్ధతి (కింది స్వరాల్నీ పై స్వరాల్నీ వేర్వేరు డ్రైవర్లకు పంచే పద్ధతి), సహోద్యోగి రస్ రైలీ పేరును కూడా కలుపుకుని, ఇవాళ స్టూడియోల్లోనూ సభా వేదికల మీదా పనిచేస్తోంది. వీళ్లెవరూ ప్రయోగశాల వచ్చేదాకా ఆగలేదు.

"అది ఆ కాలం, ఇప్పుడు విద్యంతా కంపెనీల గుప్పిట్లో ఉంది" అనేవాళ్లున్నారు. అదీ నిజం కాదు. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీలే 1961లో, సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో రాసిన వ్యాసాలు పెట్టె లెక్కను అందరి ముందూ పరిచాయి. బేస్ మోగించే వూఫర్ తనంతట తాను ఏ కంపనం దగ్గర ఊగుతుంది, ఆ ఊపును ఎంత త్వరగా అదుపు చేసుకుంటుంది, దాని బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుకు సమానం? ఈ మూడు అంకెలు తెలిస్తే పెట్టె ఎన్ని లీటర్లుండాలో, మూసి ఉంచాలో గొట్టం పెట్టాలో రంపం పట్టకముందే తేలిపోతుంది. మంచి వూఫర్ కొంటే ఆ అంకెలు దాని కాగితం మీదే ఉంటాయి. లెక్క కట్టే విన్‌ఐఎస్‌డీ, క్రాసోవర్ గీసే విట్యూయిక్స్‌క్యాడ్, ధ్వనిని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం.

కొలవడానికి ప్రతిధ్వని లేని గది కావాలి కదా అని అడగొచ్చు. అక్కర్లేదు. స్పీకర్‌ను బల్ల మీద, పై స్వరాలు పలికే ట్వీటర్ నేలకు 1.4 మీటర్ల ఎత్తున వచ్చేలా గది నడుమ నిలబెట్టి, మీటరు దూరంలో అదే ఎత్తున మైకు పెట్టండి. నేరుగా వచ్చే ధ్వని మైకును తాకిన తర్వాత, నేల మీద తగిలి వచ్చే ధ్వని చేరడానికి సుమారు 5.7 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో పట్టినదాన్ని ఉంచుకుని తర్వాతిదంతా కత్తిరిస్తే, దాదాపు 200 హెర్ట్జ్‌కు పైన గది ప్రమేయం లేని కొలత చేతికొస్తుంది. అంతకు కిందిదానికి మైకును కోన్‌కు ఆనీ ఆననట్టు పెట్టి కొలిస్తే చాలని ఇంజినీరు డాన్ కీల్ 1974లోనే చూపించాడు. ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, వీధి సద్దుమణిగిన రాత్రి. మన ప్రయోగశాల అంతే.

చేతిపని శాస్త్రం వెనక నడుస్తుందన్న అపోహ మన దగ్గర అసలే ఉండకూడదు. మామూలుగా డోలు చర్మం మీద పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు. మృదంగం కుడి మూత మీది నల్లటి కరణ ఆ స్వరాలను తీగ వాద్యంలోలాగా వరసలో పెడుతుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి వివరించాడు. ఆ కరణను పొర మీద పొరగా రుద్దిన పనివాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే దాన్ని సాధించారు. చెవి, చెయ్యి కలిసి పట్టుకున్నదాన్ని శాస్త్రం తర్వాత వచ్చి నిర్ధారించింది.

ఇక అసలు విషయం, గది. మన ఇళ్లలో మామూలుగా ఉండే గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున స్లాబు అనుకుందాం. కింద నున్నటి టైల్స్, చుట్టూ సిమెంటు పూసిన ఇటుక గోడలు. ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. రెండు ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అల ఆ గోడల మధ్య నిలిచిపోతుంది. 12 అడుగులకు అది 47 హెర్ట్జ్ దగ్గర. 10 అడుగులకు 57 దగ్గర. వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి 57 దగ్గర గది రెండు దిక్కుల నుంచి ఒకేసారి మోగుతుంది. చెక్క చట్రానికి పల్చటి పలకలు కొట్టిన గోడలైతే ఆ అల కొంత వాటిలో కలిసిపోతుంది. మన గోడలు దాన్ని అలాగే వెనక్కి కొడతాయి. మృదంగం ఎడమ మూత తొప్పి మీద పడిన దెబ్బ తర్వాతి దెబ్బ పడేదాకా గదిలోనే తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి గదిలోకి, గొట్టం పెట్టి సరిగ్గా 50 హెర్ట్జ్ చుట్టూ బేస్ పెంచిన స్పీకర్ తెచ్చి పెడితే అది ఎంత ఖరీదైనదైనా సంగీతం మీద దుప్పటి కప్పినట్టే ఉంటుంది. ఇక్కడ కావలసింది కిందికి పోయేకొద్దీ నెమ్మదిగా తగ్గే మూసిన పెట్టె. ఏ ఫ్యాక్టరీ అయినా ఆ సంగతి ఎలా కనుక్కుంటుంది? అది మన గదిని చూడలేదు.

ఇంకో లెక్క. ముందు పలక 24 సెంటీమీటర్ల వెడల్పున్న పెట్టెలో, ఇంచుమించు 500 హెర్ట్జ్‌కు పైన ధ్వని ముందుకే వస్తుంది. కిందికి దిగేకొద్దీ పెట్టెను చుట్టుకుని వెనక్కి కూడా పోతుంది. దాంతో ముందు కూర్చున్నవాడికి బేస్ 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి క్రాసోవర్‌లో పై భాగాన్ని తగ్గిస్తారు. ఎంత తగ్గించాలి? స్పీకర్ గోడకు మూడడుగులు ముందుంటే ఒకలాగా, గోడకు ఆనుకుని ఉంటే మరోలాగా. గోడే కొంత బేస్ తిరిగి ఇస్తుంది కాబట్టి. స్పీకర్ ఏ ఇంటికి పోతుందో కంపెనీకి తెలియదు, అందుకని మధ్యలో ఎక్కడో ఆగుతుంది. మన ఇళ్లలో స్పీకర్లు ఎక్కువగా టీవీ యూనిట్ మీద, గోడకు ఆనించే ఉంటాయి. అక్కడ అవి బొంగురుపోతాయి. నా క్రాసోవర్‌లో వూఫర్‌కు ముందున్న కాయిల్ తీగను కొన్ని చుట్లు విప్పుతూ, ప్రతిసారీ కొలుస్తూ, వింటూ ఒక రాత్రంతా కూర్చున్నాను. ఒకచోట గొంతు ఛాతీలోంచి లేచి నోట్లోకి వచ్చింది. అక్కడ తీగ కత్తిరించాను. నేను పెట్టుకున్న గోడకు ఆ చుట్లే సరి. పక్కింటి గోడకు వేరే లెక్క.

ఫోన్ యాప్ గదిని కొలిచి సరిదిద్దుతుంది కదా అంటారు. ఉబ్బెత్తును తగ్గించడానికి అది పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న గుంటను ఎంత శక్తి పోసినా పూడ్చలేం. స్పీకర్ పక్కలకు చిమ్మే ధ్వని తీరునూ యాప్ మార్చలేదు. అది పెట్టె ఆకారంలో, కోన్ సైజులో, క్రాసోవర్‌లో ముందే నిర్ణయమైపోతుంది.

చవక కోసం చేయమని సలహా ఇచ్చేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. అది మోసపుచ్చే మాట. డెన్మార్క్ స్కాన్‌స్పీక్, నార్వే సీయస్, ఇండోనేషియా ఎస్‌బీ అకూస్టిక్స్ లాంటివాళ్ల డ్రైవర్లు తెప్పిస్తే రవాణా, సుంకం కలిపి బరువే. పైగా మొదటి జత చాలామందికి పాఠానికే పోతుంది. నాకూ అలాగే పోయింది. పుస్తకంలో సూత్రం చూశాను: 8 ఓములు, 3,000 హెర్ట్జ్ అయితే కెపాసిటర్ 6.6 మైక్రోఫారడ్. తెచ్చి టంకం వేశాను. పాట పెడితే గాయని గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంది. స, శ, ష మూడూ ఒకే అక్షరమైపోయాయి. చాలాకాలం తప్పు ఆంప్లిఫయర్‌దేననుకున్నాను. మైకు పెట్టి కొలిచిన రోజు సరిగ్గా 3,000 దగ్గర గీత బావిలా కిందికి దిగింది. వూఫరూ ట్వీటరూ అక్కడ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ట్వీటర్ తీగలు రెండూ తారుమారు చేశాను. బావి పూడింది, శకారం వేరుగా, సకారం వేరుగా వినిపించింది. సూత్రం డ్రైవర్‌ను ఎప్పుడూ 8 ఓములే చూపే రెసిస్టర్ అనుకుంటుంది. డ్రైవర్ అలా ఉండదు. కొలవకుండా చేసిన స్పీకర్ గురించి జనం అనే మాట నిజమేనని ఆ రోజు ఒప్పుకున్నాను. అది మానేయడానికి కారణం కాదు, కొలవడానికి కారణం.

పెట్టె దగ్గర కూడా అంతే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస దుంగను తొలిచి, కుండ పలికేదాకా పలచన చేస్తారు. స్పీకర్ పెట్టెకు ధర్మం దానికి తలకిందులు. అది పలకకూడదు. పలికేది కోన్ ఒక్కటే. షీటు కోసిన వడ్రంగి నా పెట్టె పక్క పలక మీద వేలి కణుపుతో కొట్టి చూసి, "ఇక్కడ బోలుగా ఉంది సార్, లోపల అడ్డపట్టీ పడాలి" అన్నాడు. వేశాం. మళ్లీ కొడితే గోడ మీద కొట్టినట్టు చప్పుడైంది. తర్వాత వూఫర్‌కు మెల్లగా బేస్ ఇస్తూ అతుకుల వెంట అగరుబత్తి తిప్పాను. నిటారుగా లేస్తున్న పొగ వెనక మూల దగ్గర వణికింది. కంటికి కనబడని సందు అక్కడ దొరికింది. జిగురు పెట్టి మూశాను. కొన్న పెట్టెకు ఇంత దగ్గరగా వెళ్లి చూసేవాళ్లెవరు?

చివరిగా, ధర నాణ్యతకు కొలమానమన్న మాట. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి పరీక్షలు జరిపాడు. స్పీకర్ కనబడకుండా వింటే ఎక్కువమంది కోరుకునేది ఒకేలాంటి స్పీకర్‌నని తేలింది: ఎదురుగా ఎగుడుదిగుళ్లు లేకుండా, పక్కలకు కూడా నునుపుగా ధ్వని పంపేది. 1994లో ఆయన, పరిశోధకుడు షాన్ ఆలివ్ కలిసి ఒకే స్పీకర్లను ఒకసారి కనబడకుండా, మరోసారి కళ్లెదుట పెట్టి వినిపిస్తే అదే మనుషుల మార్కులు మారిపోయాయి. చూసిన పెట్టె, తెలిసిన పేరు చెవి మీద పనిచేశాయి. ఈ నియమం నాకూ వర్తిస్తుంది. చెమటోడ్చి చేసుకున్న వస్తువు మీద ధర కంటే గట్టి మమకారం ఉంటుంది. అందుకే పల్చటి పాత చీర ఒకటి తెరగా కట్టి, దాని వెనక నా జతకూ కొన్న జతకూ మధ్య నాకు చెప్పకుండా తీగలు మార్చమని మా అమ్మాయికి చెబుతాను. నా జత ఓడిపోయిన రోజులున్నాయి. మర్నాడు పెట్టె విప్పాను. కొన్నవాడు ఓడిపోతే అమ్ముకోవడమే, నేను సరిచేసుకోగలను.

కొనేవాళ్లను తప్పుపట్టను. తీరిక లేనివాళ్లు, ఆసక్తి లేనివాళ్లు కొనుక్కోవలసిందే. కానీ "అది మన పని కాదు" అన్న మాట మాత్రం మానాలి. చేతిపని, లెక్క, వినికిడి ఈ మూడూ ఒక్కచోట కలిసే పని ఇది, చదువుకున్న పిల్లలకు అది అందకుండా ఆ మాటే అడ్డుపడుతోంది.

మా అన్నయ్య కొడుక్కి ఆ సాయంత్రం ఇదంతా చెప్పలేదు. కూర్చోబెట్టి గంటసేపు పాటలు వినిపించాను. లేచేటప్పుడు ఖర్చెంతయిందని అడగలేదు, ఆ మైకు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటులో 20 లీటర్ల పెట్టెలు రెండు పోగా ఇంచుమించు సగం మిగిలింది. దాన్ని గోడకు చేరేసి ఉంచాను. ముందు వాడి గది కొలతలు పంపమన్నాను.