కథలో దొరికిన మాట

‘ఏమ్మా, పది పదాలూ వచ్చేశాయా?’

స్కూలుకెళ్లే పిల్లలున్న చాలా ఇళ్లలో ఆదివారం సాయంత్రం వినిపించే ప్రశ్న ఇది. అమ్మాయి కళ్లు మూసుకుని అప్పజెప్పేస్తుంది. స్పెల్లింగు, అర్థం, సొంతవాక్యం... అన్నీ గడగడా! సోమవారం పరీక్షలో పదికి పది. పదిహేను రోజులాగి అవే పదాలు అడగండి. రెండో మూడో చెప్పి తల గోక్కుంటుంది. మిగతావన్నీ ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు, అసలు రానేలేదు. పరీక్ష దాకా నోట్లో ఉన్నాయంతే.

ఎవరో తెలియని మనిషి పేరు పదిసార్లు విన్నా గుర్తుండదు. అదే మనిషి పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెబితే ఏళ్ల తరవాత కూడా గుర్తుంటాడు. మాటా అంతే. జాబితాలో కనిపిస్తే పేరు, కథలో కనిపిస్తే పరిచయం. అందులోనూ సైన్స్ ఫిక్షన్ కథకు ఇంకో సుగుణం ఉంది. క్లాసు ఫస్టు పిల్లకీ, ఆఖరి బెంచీ పిల్లాడికీ తేడా లేకుండా చేస్తుందది.

ఉదాహరణకు ఐజాక్ అసిమోవ్ రాసిన ‘ద ఫన్ దే హ్యాడ్’ కథే తీసుకోండి. 1951లో పత్రికల్లోని పిల్లల పేజీ కోసం రాసిన రెండు మూడు పేజీల చిన్న కథ అది. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన తొమ్మిదో తరగతి ఇంగ్లిషు వాచకం ‘బీహైవ్’లో అదే మొదటి పాఠం. కాబట్టి ఆ పుస్తకం చదివిన అన్నలూ అక్కలూ చాలా ఇళ్లలో ఉంటారు.

కథ జరిగేది 2157లో. మార్జీకి పదకొండేళ్లు, టామీకి పదమూడు. అప్పటికి బడులు లేవు. ఎవరింట్లో వాళ్లకి ఒక యంత్రమే టీచరు. అలాంటి రోజుల్లో టామీకి వాళ్లింట్లో ‘అటిక్’లో ఒక పాత కాగితం పుస్తకం దొరుకుతుంది. అటిక్ అంటే ఏమిటి? పాతకాలం వస్తువు, ఇంట్లోనే, ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా ఉందంటే... ‘అటకా?’ అనేస్తారు పిల్లలు. ఇంచుమించు అదే! రెండు మాటలకీ చుట్టరికం లేకపోయినా వినడానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి ఇక మరిచిపోరు.

ఆ పుస్తకం పేజీలు పసుపురంగుకు తిరిగి ‘క్రింక్లీ’గా ఉంటాయి. శతాబ్దాల నాటి కాగితం మరెలా ఉంటుంది? ముడతలు పడి, ముట్టుకుంటే గరగరలాడుతూ! ఆ పుస్తకం ఇంకాసేపు చూడనిస్తావా అని మార్జీ అడుగుతుంది. ‘చూద్దాంలే’ అన్నట్టు జవాబిచ్చి, పుస్తకం చంకన పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్లిపోతాడు టామీ. ఆ జవాబిచ్చిన తీరుకు రచయిత వాడిన మాట ‘నాన్‌చలంట్‌లీ’. జాబితాలో చూస్తే నోరు తిరగదు. ఇక్కడ ఆ ఈల వినిపిస్తే చాలు... పట్టీపట్టనట్టు, తనకేమీ లెక్కలేనట్టు అని పదేళ్ల పిల్లాడు కూడా చెప్పేస్తాడు.

ఇంతవరకూ ఏ మంచి కథైనా చేసే పనే. అసలు గమ్మత్తు ‘టెలీబుక్స్’ అన్న మాట దగ్గర ఉంది. కథ రాసేనాటికి అలాంటి వస్తువే లేదు. దాన్ని ఊహించి, పేరు పెట్టింది రచయిత. ఇలాంటి మాట దగ్గర డిక్షనరీ బట్టీపట్టిన పిల్లలూ ఆగి ఆలోచించాల్సిందే. టెలిఫోన్, టెలివిజన్, టెలిస్కోప్... అన్నిటిలోనూ ‘టెలీ’ అంటే దూరం. మరి టెలీబుక్? ‘తెర మీద చదివే పుస్తకం’ అని ఆఖరి బెంచీ నుంచే జవాబు రావచ్చు. తెలియకపోవడం తప్పు కాదని, అందరూ ఊహించేవాళ్లేనని తేలాక, ఇంగ్లిషు అంటే నోరు విప్పని పిల్లలు కూడా నోరు విప్పుతారు. అన్నిటికన్నా పెద్ద లాభం అదే.

కల్పించిన మాటలు కథల్లోనే ఉండిపోవు కూడా. ‘రోబో’ అన్న మాటను లోకానికి పరిచయం చేసింది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే వెట్టిచాకిరి. మాట సూచించింది తన అన్న జోసెఫ్ అని ఆయనే చెప్పాడు. ‘రోబోటిక్స్’ అన్న మాటను 1941లో మొదట కథలో వాడినవాడు అసిమోవే. ఇప్పుడది ఇంజినీరింగు కాలేజీల్లో కోర్సు! మన ‘మరమనిషి’ని చూడండి. మర, మనిషి... రెండూ తెలిసిన మాటలే, కలిస్తే కొత్త మాట. వ్యోమంలోకి వెళ్లేవాడు వ్యోమగామి. ఒక భాషలో మాటను విడగొట్టి చూడటం అలవాటైతే రెండో భాషలోనూ అదే అలవాటు పనికొస్తుంది.

మరి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

కథ చిన్నది ఎంచుకోండి. పేజీకి అయిదు కన్నా ఎక్కువ తెలియని మాటలు తగిలితే ఆ కథ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అన్నీ తెలియనివైతే ఊహించడానికి ఆధారమేదీ ఉండదు.

మొదటిసారి ఆపకుండా చదవనివ్వండి. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీస్తే చాలు. ప్రతి మాటకూ డిక్షనరీ తెరిస్తే కథ చచ్చిపోతుంది.

రెండోసారి చదివేటప్పుడు, గీత గీసిన మాటకు తనకు తోచిన అర్థం అంచున రాయమనండి. డిక్షనరీ తీయడం ఆ తరవాతే. ఊహ తప్పితే నష్టమేమీ లేదు. తప్పిన ఊహ పక్కన అసలు అర్థం మరింత గట్టిగా నిలుస్తుంది.

చివరగా, ఆ మాటల్లో మూడు నాలుగింటిని వారంలో మళ్లీ ఎక్కడో ఒకచోట వాడించండి. తమ్ముడు పిలిస్తే పలక్కుండా టీవీ చూస్తున్న అన్నయ్యను ‘నాన్‌చలంట్’ అనొచ్చుగా! ఒక్కసారి కలిసిన మాట చుట్టమైపోదు. నాలుగైదు సార్లు ఎదురుపడాలి.

ఇంతకీ ఆ కథలో మార్జీకి యంత్రం టీచరంటే గిట్టదు. జాగ్రఫీలో పరీక్ష మీద పరీక్ష పెడుతుంటే మార్కులు పడిపోతుంటాయి. తప్పు పిల్లది కాదు, యంత్రం వేగం ఎక్కువైందని కనిపెట్టి ఇన్‌స్పెక్టరు దాన్ని తగ్గిస్తాడు. పని మొదలుపెట్టే ముందే ఆమె చేతిలో ఒక ఆపిల్ పెడతాడు. 2020 లాక్‌డౌన్‌లో ఫోను తెర ముందు పాఠాలు విన్న పిల్లలకు మార్జీ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు.

రోజుకు పది పదాల జాబితా కూడా ఒకరకంగా ఆ యంత్రం లాంటిదే. మార్కులు తగ్గితే పిల్లను కోప్పడే ముందు దాని వేగం కాస్త తగ్గించి చూడండి. ఈ ఆదివారం పది పదాలు అప్పజెప్పించుకునే బదులు, పక్కన కూర్చుని ఒక్క కథ చదివించుకోండి. ఆపిల్ మీ ఇష్టం!