నత్తి నోటికీ సాక్ష్యముంది

మండుతున్న పొద దగ్గర దేవుడు పిలిచినప్పుడు మోషే చెప్పిన సాకుల్లో ఒకటి తన నోటి సంగతి (నిర్గమ. 4:10). అది నత్తేనా కాదా అన్నది పండితులు నేటికీ తేల్చలేదు. అయితే అదే మోషే మాటలోనూ గట్టివాడేనని స్తెఫను సాక్ష్యమిచ్చాడు (అపొ.కా. 7:22). మోషే తన గురించి అనుకున్నదొకటి, అతని జనం ఎరిగింది మరొకటి!

నత్తి ఉన్న విశ్వాసుల మనసులో జరిగేదీ ఇదే. వాక్యం చదవమంటారేమోనని వెనుక వరుసలో కూర్చుంటారు. తమ పేరు చెప్పుకోవడమే గండం. 'ఆగిపోతే అందరూ నవ్వుతారు' అన్న తలంపు ముందే వచ్చి గొంతు బిగిస్తుంది. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం తేలికపడుతుంది గానీ భయం ఇంకాస్త వేరూనుతుంది. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ కుంగుబాటు కోసం రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి ఎదిగిన పద్ధతి ఈ ముడిని విప్పుతుంది. ఆ తలంపును కాగితం మీద రాయిస్తారు. నిజంగా అందరూ నవ్వారా? ఎందరు? ఆపై చిన్న చిన్న మెట్లు: దుకాణంలో ధర అడగడం, ఫోన్ తానే ఎత్తడం, కావాలనే కాస్త నత్తిగా మాట్లాడి ఎదుటివారేం చేస్తారో చూడడం. దీంతో ముఖ్యంగా తగ్గేది నత్తి కాదు, భయం. నత్తికి స్పీచ్ థెరపీ వేరే ఉంది. రెండూ కలిసి సాగితే మేలు.

నత్తి దురాత్మ కాదు, తల్లిదండ్రుల పాపఫలమూ కాదు. సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. వంశపారంపర్యం, మెదడు పనితీరులోని తేడాలు దీని వెనుక ఉన్నాయి. ఎక్కువమంది పిల్లల్లో తగ్గిపోతుంది, పెద్దల్లో నూటికి సుమారు ఒకరిలో మిగులుతుంది. అలాంటి యవ్వనస్థుణ్ణి వేదిక మీదికి పిలిచి, నాలుక కట్లు తెగాలని కేకలు వేసి, వెంటనే నోటి ముందు మైకు పెట్టడం భయానికి ఎరువు వేయడమే. ప్రార్థించవద్దని కాదు, అతణ్ణి ప్రదర్శనకు పెట్టవద్దని.

దేవుడు మోషే నాలుకను మార్చాడని ఎక్కడా రాసిలేదు. అహరోనును తోడిచ్చాడు. నత్తి ఉన్నవారికి పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు సాధారణంగా మాట ఆగదు. క్వయర్, ఉత్తర ప్రత్యుత్తర పఠనం ఉన్న మన సంఘాలకు ఇది చేతిలోనే ఉన్న మెట్టు. మొదట అందరితో, తర్వాత ఒక తోడుతో, ఆపై ఒంటరిగా ఒక్క వచనం చదవనివ్వండి. ఆగితే మాట అందించవద్దు, 'నెమ్మదిగా' అనీ అనవద్దు. ఆరాధన అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏం? ప్రకటనలకు అంతకంటే ఎక్కువే తీసుకుంటాం కదా!