శ్రీశైలం జలాశయం: చేపకూ పడవకూ రెండు గట్లా ఒకే కట్టుబాటు

శ్రీశైలం ఆనకట్ట వెనక కృష్ణా నీరు పూర్తి మట్టం 885 అడుగులకు చేరినప్పుడు సుమారు 600 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టుకు మొదట లెక్కగట్టిన నిల్వ 308 టీఎంసీలు. పూడిక చేరగా ఇప్పుడది 215 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఎడమ గట్టున తెలంగాణలోని నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలు, కుడి గట్టున ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా. 2014 జూన్ 2 దాకా ఈ నీళ్లన్నిటికీ ఒకే మత్స్యశాఖ ఉండేది. రాష్ట్రం రెండైన నాటి నుంచి లైసెన్సు ఇచ్చేవాళ్లు ఇద్దరు, కేసు పెట్టేవాళ్లు ఇద్దరు, పడవను తనిఖీ చేసేవాళ్లు ఇద్దరు. నీటి పంపకానికి కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది గానీ, చేపలూ పడవలూ దాని పరిధిలోకి రావు. ఈ వెలితిని పూడ్చాలన్నదే ఈ కరపత్రం వాదన. రెండు రాష్ట్రాలు కలిసి ఒకే వేట విరామం, ఒకే వల కన్ను, ఒకే పడవ నిబంధన పెట్టాలి. కాపలా బాధ్యతనూ, విహారం మీద వచ్చే రాబడిలో వాటానూ ఒడ్డునున్న మత్స్యకార సహకార సంఘాలకు ఇవ్వాలి.

జలాశయం ఏడాది పొడుగునా ఒక్క తీరుగా ఉండదు. మంచి వరద వచ్చిన ఏడు ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండుతుంది. కరెంటుకు, పోతిరెడ్డిపాడు కాలువకు, ఎల్లూరు దగ్గరి కల్వకుర్తి ఎత్తిపోతలకు నీరు పోతూ ఉంటే సంక్రాంతి దాటేసరికి గట్టు నుంచి వెనక్కి జరుగుతుంది. ఎండాకాలంలో సోమశిల, మంచాలకట్ట, సంగమేశ్వరం పరిసరాల్లో ఒకప్పటి పొలాలు, ఊళ్ల మొండిగోడలు బయటపడతాయి. మునిగినవి చాలావరకు చదును నేలలు కాబట్టి అక్కడ నీటికి వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. కిందికి, శ్రీశైలం రేవు పాతాళగంగ వైపు నల్లమల కొండల ఇరుకులో ఒడ్డు నిటారుగా ఉంటుంది, లోతు కూడా ఎక్కువే. చేపల గొడవంతా పైభాగంలోని ఆ పల్చటి నీటిలోనే.

బొచ్చె, రవ్వ, మోసు వంటి పెద్ద జాతులు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. కొత్త నీరు తగలగానే ఏటికి ఎదురెక్కి, పారే నీటిలో వదులుతాయి. కృష్ణలో జూరాల ఆనకట్టకు, తుంగభద్రలో సుంకేసుల ఆనకట్టకు దిగువనున్న పారుదల మేరే వాటికిప్పుడు మిగిలింది. బొచ్చె గుడ్ల ఈడుకు రావడానికి రెండేళ్లు పైనే పడుతుంది. ఇక్కడి నుంచే రెండు సూత్రాలు తేలతాయి. వేట విరామం వరద మొదట్లో పడాలి. వల కన్ను చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టాక చిక్కేంత పెద్దదై ఉండాలి. మత్స్యకారులకు ఇవేమీ కొత్త సంగతులు కావు, పాతకాలపు నిలువు వలలను అంచనా కట్టి అల్లింది వాళ్లే.

అలివి వల ఈ రెండు సూత్రాలకూ పూర్తిగా ఎదురు. దాని కన్ను దోమతెరంత సన్నం. ఒక చివరను గట్టున పట్టుకుని, మిగతాదాన్ని పడవలోంచి అర్ధచంద్రాకారంగా నీటిలోకి వదిలి, రెండో చివరను మళ్లీ గట్టుకు తెస్తారు. ఆ తర్వాత రెండు వైపులా వరసగా నిలబడి గంటల తరబడి లాగుతారు. గట్టెక్కిన మూటలో వేలెడు బొచ్చెపిల్లలు, రవ్వపిల్లలు, పరిగెలు, రొయ్యలు, నాచు, బురద అన్నీ కలిసే ఉంటాయి. కిలోకు తూగేవాటిని ఏరి ఐసు పెట్టెల్లో వేస్తారు. మిగిలినదాన్ని నేలమీద పరిచి, ఎండినాక గోనె సంచులకెత్తి ఎండుచేప కింద అమ్ముతారు. లోతు తక్కువ, అడుగు చదును అయిన చోటే ఈ వల బాగా సాగుతుంది. నీరు వెనక్కి తగ్గి, చేప అంతా కొద్ది జాగాలో పోగుపడే నెలల్లోనే దీని జోరెక్కువ.

ఈ నష్టం ఖజానాకు కూడా. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం నడిపింది. జలాశయాలకు ఎంచుకున్నవి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, పెద్ద చేపల నోటికి చిక్కకుండా బతుకుతాయని. ఆ సైజు పిల్ల అలివి వల దాటి పోలేదు. ఒక శాఖ సర్కారు డబ్బుతో విత్తనం జల్లుతుంటే, అదే చేలో ఎవరో కూలీలను పెట్టి మొలకలు పీకిస్తున్నట్టుంది వ్యవహారం. కుడి గట్టున పట్టుకుంటే ఎడమ గట్టుకు, ఎడమ గట్టున పట్టుకుంటే కుడి గట్టుకు పడవ మళ్లించడం పెద్ద పని కాదు. నీటి మధ్య గీత ఎక్కడుందో చూపించగల జవాను ఏ గట్టునా లేడు.

తప్పంతా వల లాగే మనిషి మీద వెయ్యడం తేలిక, న్యాయం కాదు. పడవ, వల, ఐసు అన్నిటికీ పెట్టుబడి దళారిది. అడ్వాన్సు తీసుకున్నవాడు చేపను ఆ దళారికే, అతను చెప్పిన ధరకే వెయ్యాలి. అలివి వలకు దూరప్రాంతాల నుంచి కూలీలను కూడా అడ్వాన్సు మీదే తెస్తారు. బాకీ తీరేదాకా కదలనివ్వని చోట అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. అక్కడ మత్స్యశాఖ జరిమానాతో సరిపెట్టకూడదు, రెవెన్యూ అధికారులు కదలాలి. వలను తగలబెట్టి ఫొటో దిగడం వల్ల వల యజమానికి పోయేది కొంత డబ్బే. ఎండుచేప కళ్లాల దగ్గర, సంచులు లారీకెక్కే దగ్గర పట్టుకుంటే వ్యాపారమే ఆగుతుంది. సన్న పిల్లల ఎండుచేపను కొనడం, నిల్వచెయ్యడం, రవాణా చెయ్యడం కూడా ఉమ్మడి ఉత్తర్వులో నేరంగా చేరాలి.

వేట ఆపమన్నప్పుడు పొయ్యి వెలిగే దారి కూడా చూపించాలి. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల విరామానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచింది. విశాఖ తీరం నుంచి వలస వచ్చి శ్రీశైలం గట్టున గుడిసె వేసుకున్న మనిషి వరదల వేళ రెండు నెలలు వల ఎత్తిపెడితే ఆ లెక్కలోకి రాడు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో విరామ కాలపు సాయం మంచినీటి మత్స్యకారులకూ వర్తిస్తుంది: మత్స్యకారుడు 1,500 రూపాయలు పొదుపు చేస్తే ప్రభుత్వాలు 3,000 కలుపుతాయి. ఇది చాలదు, కానీ మొదలుపెట్టడానికి తలుపు తెరిచే ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్, గోవింద్‌సాగర్ జలాశయాల్లో వానాకాలం రెండు నెలలు వేట ఆపి, మత్స్యకారులకు సాయం ఇచ్చే పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ చేప సహకార సంఘాల ద్వారా అమ్ముడవుతుంది. సంఘం తూకం వేసే చోటే చేప సైజు కూడా తెలిసిపోతుంది కాబట్టి వల కన్ను నిబంధనకు విడిగా పోలీసు అక్కర్లేదు.

ఇక విహారం. సోమశిల నుంచి నల్లమల మీదుగా శ్రీశైలానికి లాంచీలో ఆరేడు గంటల ప్రయాణం, పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలు, వేసవిలో నీరు తగ్గాక బయటపడే సంగమేశ్వరాలయం ఇప్పటికే జనాన్ని రప్పిస్తున్నాయి. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే ఈ ఒడ్డుకు వచ్చే బళ్లు ఎన్నో రెట్లవుతాయి. ఏర్పాట్లు అప్పుడు చూసుకుందామంటే కుదరదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర జనంతో కిక్కిరిసిన పడవ మునిగి సుమారు 60 మంది పోయారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన తర్వాతే పడవల మీద గట్టి తనిఖీల మాట మళ్లీ వినపడింది.

దేశీయ నౌకల చట్టం 2021 ప్రకారం యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవాడికి యోగ్యతా పత్రం ఉండాలి. ఈ గట్టు పత్రం ఆ గట్టున చెల్లుబాటయ్యేలా, ఈ గట్టున రద్దయితే ఆ గట్టునా రద్దయ్యేలా రెండు రాష్ట్రాలూ ఒకే జాబితా పెట్టుకోవాలి. ఎంతమంది ఎక్కవచ్చో పడవ పక్కన పెద్ద అంకెలతో తెలుగులో రాయించాలి. లైఫ్ జాకెట్టు సీటు కింద కుప్ప పోసినంత మాత్రాన ఉన్నట్టు కాదు. రేవులో తొడుక్కున్నాకే మోకు విప్పాలి. సెల్ఫీల కోసం దాన్ని భుజాన వేలాడదీసుకునే అలవాటును సరంగు ఒక్కడే మాన్పించలేడు, టికెట్టు ఇచ్చే చోటే చూడాలి.

మత్స్యకారుడికి, విహార పడవకు తగవు వచ్చేది వలల దగ్గర. రాత్రి వేసిన నిలువు వల మీదుగా పొద్దున లాంచీ పోతే పంకా వలను చీల్చేస్తుంది, కొన్నిసార్లు పంకాయే చిక్కుపడి లాంచీ ఏటి నడుమ ఆగిపోతుంది. దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. రంగు డబ్బాలు తేల్చి లాంచీ దారి గుర్తుపెట్టాలి. ఆ దారిలో వల వెయ్యకూడదు, దారి తప్పి వల తెంపిన పడవ పరిహారం కట్టాలి. నీరు తగ్గేకొద్దీ మునిగిన గోడలు, మోళ్లు పైకి వస్తాయి కాబట్టి డబ్బాలను నెలకోసారి మార్చాలి. వాటి జాడ పుట్టి నడిపేవాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపులోనూ లేదు. ఆ పని, దాని జీతం వాళ్లకే ఇవ్వాలి. ఎత్తిపోతల పంపుల నోళ్ల దగ్గరికి ఏ పడవనూ రానివ్వకూడదు.

సెలవు రోజుల్లో హైదరాబాదు, కర్నూలు నుంచి గాలాలు పట్టుకుని వచ్చేవాళ్లు పెరిగారు. వీళ్లను తరిమెయ్యక్కర్లేదు. రోజు చీటీ సంఘం ఇవ్వాలి, రుసుము సంఘానికి పోవాలి. ఎన్ని చేపలు, ఎంత సైజు అన్నది చీటీ మీదే ఉండాలి. గుడ్ల కాలంలో వల ఆగితే గాలం కూడా ఆగాలి, లేకపోతే విరామాన్ని ఊరివాళ్లు ఖాతరు చెయ్యరు. జలాశయం కింది భాగం ఇరువైపులా పులుల అభయారణ్యం: తెలంగాణ వైపు అమ్రాబాద్, ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం. ఆ మేర 1972 వన్యప్రాణి చట్టం మాటే చెల్లాలి. అక్కడ సరదా గాలానికి చోటు ఉండకూడదు, లాంచీ కూడా అటవీశాఖ చెప్పిన చోటే ఆగాలి.

సంఘాల చేతికి పెత్తనం ఇస్తే పెద్దమనుషులే మింగేస్తారన్న అభ్యంతరం ఉంది. అది ఉత్త అనుమానమేమీ కాదు. సభ్యుల జాబితాల్లో ఏనాడూ వల పట్టని పేర్లు ఉన్న సంఘాలున్నాయి. చాలా ఏళ్లుగా ఇక్కడే వేటాడుతున్న వలస కుటుంబాల పేర్లు ఉండవు. అందుకే భృతి, చీటీల రుసుము, కాపలా జీతం మొదలుపెట్టకముందే జాబితాలను గ్రామసభలో చదివి సవరించాలి. చేపలు ఎండబెట్టే, అమ్మే ఆడవాళ్లకు కూడా సభ్యత్వం ఉండాలి. విరామపు రెండు నెలల్లో ఎక్కువ నష్టపోయేది వాళ్లే.

వేట విరామం జూలై 1న మొదలు కావాలంటే సభ్యుల జాబితాలు మార్చి లోపు తేలాలి, రెండు మత్స్యశాఖల ఉమ్మడి ఉత్తర్వు మే నెలాఖరుకు రావాలి, మొదటి విడత భృతి జూన్‌లోనే ఖాతాలో పడాలి. ఎడమ గట్టున కొల్లాపూర్, కుడి గట్టున ఆత్మకూరు ప్రాంతాల గ్రామసభలు ఈ మేరకు తీర్మానాలు చేసి తమ తమ జిల్లా కలెక్టర్లకు పంపాలి. నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలు కూడా రెండు రాష్ట్రాల నడుమే ఉన్నాయి. శ్రీశైలంలో ఒక ఏడాది నడిపి, లోటుపాట్లు సరిదిద్దిన తర్వాత ఇదే ఉత్తర్వును వాటికీ వర్తింపజెయ్యవచ్చు.