సదరు దున్నల సంతతికి క్షయపరీక్ష కావలెను

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాస్తవ్యులారా!

దీపావళి వెళ్ళిన రెండవనాటి రాత్రి నారాయణగూడలో సదరు పండుగకు యాదవ సోదరులు పూలదండలు వేసి, నల్లని మేను నిగనిగలాడ నడిపించు దున్నపోతులను చూచి, వాని బరువును, వెలను, వాని తల్లి యిచ్చిన పాలను కొనియాడనివారు మనలో నుండరు. కాని ఆ దున్న సంతతి క్షయను తట్టుకొనగలదా యని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

దేశమందలి పశువులలో నూటికి ఏడింటికి పైగా, అనగా రమారమి 2 కోట్ల 18 లక్షలకు, ఈ వ్యాధి సోకియున్నదని 2018లో వెలువడిన యొక సమీక్ష అంచనా. కొట్టములో ఊపిరి వలన పశువు నుండి పశువునకును, కాచని పాల వలన మన బిడ్డలకును అది ప్రాకును. పలు అన్యదేశములలో వ్యాధి తేలిన పశువును వధింతురు. ఆవును అట్లు చంపుటకు మన మనస్సొప్పదు, ఒప్పవలసిన పనియు లేదు. అయితే చంపకపోవుటతోనే బాధ్యత తీరెననుకొని ఊరకుండినచో, చిక్కిన పశువు సంతకు పోయి మరియొకరి కొట్టము చేరును.

మరి మార్గమేది? క్షయక్రిమి ఊపిరితిత్తులలో చొరబడగానే భక్షక కణములు దానిని మ్రింగును. కొన్ని పశువులలో గామా ఇంటర్‌ఫెరాన్ అను ద్రవ్యపు ప్రేరణచే ఆ కణములు క్రిమిని హరించును, మరికొన్నింట క్రిమియే మ్రింగిన కణములో కాపురము పెట్టును. ఈ భేదము కొంతవరకు వంశపారంపర్యము; ఒక్క జన్యువు పని కాదు, అనేక జన్యువుల స్వల్ప స్వల్ప ప్రభావముల కూడిక. ఇథియోపియాలో హోల్‌స్టీన్ ఆవులను, మూపురముగల నాటు ఆవులను ఒకే తీరున పెంచి చూడగా, నాటువానిలో వ్యాధి తీవ్రత తక్కువగా నున్నట్లు 2007లో ప్రకటించిరి. బ్రిటనులో 2016 నుండి ఆబోతు సంతతి క్షయపరీక్షాఫలములను బట్టి, వ్యాధిని తట్టుకొను గుణమునకై ఆ ఆబోతునకు విలువ కట్టుచున్నారు. మన వీర్యకేంద్రములలోను ఆబోతులకును దున్నలకును క్షయపరీక్ష చేయుదురు. అది ఆ పశువునకు రోగము లేదని చెప్పునే గాని, దాని రక్తము రోగమున కెదురు నిలుచునని చెప్పదు. ఆ మాట దాని కూతుళ్ళే చెప్పవలెను.

సాధనములు మనకు కొరతగా లేవు. గచ్చిబౌలిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో దేశవాళీ ఆవులకై 11,496 జన్యుగుర్తులుగల ఇండిగౌ చిప్పును రూపొందించినది. గేదెలకు 2024లో మహిష్‌చిప్ వచ్చినది. ఏ జన్యుగుర్తులు క్షయ కెదురు నిలుచునో తేల్చుటకు కావలసినది కొట్టములనుండి లెక్క. కనుక నారాయణగూడ పశువైద్యశాల మన పాడిపశువులకు ట్యూబర్క్యులిన్ సూదివేసి, 72 గంటలకు చర్మపు మందమును కొలిచి, ఆ ఫలమును చెవిపోగుపై నుండు 12 అంకెల సంఖ్యతోను, తండ్రి పేరుతోను నమోదు చేయవలెను. ప్రభుత్వ మా వ్యయమును భరింపవలెను. ఆ లెక్క సిద్ధమైన యేటి సదరులో, దున్న మెడలోని పూలదండ ప్రక్కన దాని కూతుళ్ళ పరీక్షాఫలము వ్రాసిన పలకను గూడ యజమానులు కట్టవలెనని కోరుచున్నాము.