పక్క గదిలో దబదబ

ఒంగోలు నుంచి ఒక సోదరి ఇలా రాస్తున్నారు:

"మా అబ్బాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఉద్యోగం చేస్తున్నాడు. బల్ల మీద రెండు చిన్న స్పీకర్లు ఉండేవి. నెల కిందట వాటికి తోడు సబ్‌వూఫర్ అని ఒక నల్లటి డబ్బా తెచ్చి బల్ల కింద మూలకు పెట్టాడు. రాత్రి భోజనాలయ్యాక పాటలు, సినిమాలు పెడతాడు. పక్క గదిలో మా అత్తగారు పడుకుంటారు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. బి.పి. ఉంది. 'గుండెల మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టుందే అమ్మాయ్, నిద్ర పట్టడం లేదు' అంటున్నారు. మావాడేమో ఫోన్‌లో మీటర్ చూపించి 'యాభై డెసిబెల్సే అమ్మా, మనం మాట్లాడుకుంటే ఇంతకన్నా ఎక్కువ. నాయనమ్మది అంతా భ్రమ' అంటున్నాడు. ఎవరి మాట నమ్మను? ఆ డబ్బా తీసేయించమంటారా? దానివల్ల వాడి చెవులు పాడవుతాయా?"

అమ్మా, ఇద్దరి మాటా నిజమే. మీ అత్తగారిది భ్రమ కాదు. మీ అబ్బాయి అబద్ధమూ చెప్పలేదు. డబ్బాను తీసెయ్యక్కర్లేదు గాని, ఉన్న చోటు నుంచి మాత్రం కదిలించాలి. ఎందుకో చెబుతాను. ఈ మాటలు మీ అబ్బాయి చేత కూడా చదివించండి.

ఆ డబ్బా చేసే పని

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. కంపనాలు తగ్గేకొద్దీ శబ్దం మందరమవుతుంది. డోలు, డప్పు దరువులోని బరువు, సినిమాలో ఉరుము, పాటలో బాస్ గిటార్, ఇవన్నీ అడుగు మెట్ల మీది శబ్దాలు. బల్ల మీది స్పీకర్లలో కోను మూడు నాలుగు అంగుళాలకు మించదు. అంత చిన్న కోను 70, 80 హెర్ట్జ్‌కు దిగువన చాలినంత గాలిని కదిలించలేదు. ఆ కింది శబ్దాలను వేరే పెద్ద కోనుకు అప్పగించడమే సబ్‌వూఫర్ పని.

మన చెవికి ఒక బలహీనత ఉంది. మందర శబ్దాలు దానికి సరిగా ఆనవు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెల్స్ ఉంటే ఎంత గట్టిగా వినిపిస్తుందో, 50 హెర్ట్జ్ శబ్దం అంత గట్టిగా వినిపించాలంటే దాదాపు 78 డెసిబెల్స్ ఉండాలని నేటి ప్రమాణాలు చెబుతున్నాయి. అందుకే వాల్యూం తగ్గిస్తే ముందు బాస్ మాయమైపోతుంది, పాట పేలవంగా ఉంటుంది. పాత టేప్‌రికార్డర్లలో కొన్నింటికి 'లౌడ్‌నెస్' అని ఒక మీట ఉండేది, గుర్తుందా? ఆ లోటు పూడ్చడానికే అది పెట్టారు.

మీటర్ ఏం చెప్పింది? ఏం చెప్పలేదు?

మామూలు శబ్ద మీటర్లు చెవికి ఉన్న ఈ బలహీనతను లెక్కలోకి తీసుకుని, మందర శబ్దాల నుంచి కొంత కోసేసి చూపిస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర ఈ కోత సుమారు 30 డెసిబెల్స్! పైగా ఫోన్‌లోని మైకు మనిషి మాట కోసం చేసింది. అడుగు శబ్దాలను అది సరిగా పట్టుకోదు. కాబట్టి మీ అబ్బాయి చూపించిన యాభైలో, నాయనమ్మను బాధిస్తున్న శబ్దం చాలావరకు కోతకు పోయింది. మీటర్ తప్పు చెప్పలేదు. మీవాడు దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇక గోడ సంగతి. పాటలోని మాటలను, వయొలిన్‌ను, తాళాలను గోడ చాలావరకు ఆపుతుంది. అడుగు శబ్దాలను అంతగా ఆపలేదు. అందువల్ల మీవాడి గదిలో పాటగా ఉన్నది, నాయనమ్మ గదిలో పాట పోయి వట్టి దబదబగా మిగులుతుంది. రాత్రి మిగతా సద్దు అణిగాక అది మరీ పైకి తేలుతుంది.

ఇంకో చిక్కు ఉంది. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. మన ఇళ్ళలో గది పదకొండు అడుగులుంటే ఆ తరంగంలో దాదాపు సగం పడుతుంది. అలాంటి గదిలో ఆ శబ్దం గోడల దగ్గర పోగుపడుతుంది, గది మధ్యలో పలుచబడుతుంది. మూలన పెట్టిన సబ్‌వూఫర్ ఈ పోగును ఇంకా పెంచుతుంది. అంటే చూడండి: కుర్చీ గది నడుమ వేసుకున్న కుర్రవాడికి బాస్ చాలలేదనిపించి నాబ్ పెంచుతాడు. అవతల గోడకు ఆనించి మంచం వేసుకున్న పెద్దావిడకు అది రోకలిపోటు అవుతుంది. ఇద్దరి మధ్యా తగవు పెడుతున్నది ఆ నాలుగు గోడలే!

మరి చెవుల మాట?

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో సన్నని రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. గట్టి శబ్దానికి చచ్చిపోయిన రోమకణం మళ్ళీ పుట్టదు. శబ్దం వల్ల వచ్చే చెవుడు సాధారణంగా 4000 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. అందుకే ఆ మనిషికి మాట వినిపిస్తుంది గాని స, శ, త, ప లాంటి అక్షరాలు స్పష్టంగా తెలియవు. 'వినపడుతోంది, అర్థం కావడం లేదు' అంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక అంతర్జాతీయ సంస్థతో కలిసి 2018లో ఫోన్లు, హెడ్‌ఫోన్ల కోసం ఒక లెక్క ఇచ్చింది. పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు వినే కాలం సగమవుతుంది: 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 89 అయితే 5 గంటలే. బల్ల మీది స్పీకర్లకూ ఇదే లెక్క పెట్టుకోవచ్చు. పాట ఆపిన తరువాత చెవులు దిబ్బడ వేసినా, హోరుమన్నా, ఎదుటివారి మాట దూరం నుంచి వచ్చినట్టున్నా ఆ రోజు మోతాదు మించిందని అర్థం.

నిజానికి సబ్‌వూఫర్‌ను తెలివిగా వాడితే చెవులకు మేలే. చిన్న స్పీకర్లలో నిండుదనం లేక మనం వాల్యూం పెంచేస్తూ ఉంటాం. అడుగు శబ్దం సమంగా చేరితే తక్కువ వాల్యూంలోనే పాట నిండుగా ఉంటుంది. అయితే బాస్ మితిమీరితే అది మాటలను మింగేస్తుంది. అప్పుడు మాటల కోసం మళ్ళీ వాల్యూం పెంచుతాం. కీడు అక్కడే మొదలవుతుంది.

అమర్చుకునే పద్ధతి

1. డబ్బాను మూల నుంచీ, పడకగది గోడ నుంచీ జరపండి. సరైన చోటు దొరకడానికి ఒక ఉపాయం ఉంది. డబ్బాను మీరు కూర్చునే కుర్చీలో పెట్టి, బాస్ నిలకడగా ఉన్న పాట ఒకటి చిన్నగా వెయ్యండి. తరువాత వంగి, చెవి నేలకు దగ్గరగా ఉంచి గదిలో అక్కడక్కడా వినండి. శబ్దం ఉబ్బిపోకుండా, మాయమైపోకుండా సమంగా వినిపించిన చోట డబ్బాను పెట్టండి. 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి సులభంగా పోల్చుకోలేదు కనుక, అది బల్ల కిందే ఉండాలన్న నియమం లేదు.

2. డబ్బా వెనక క్రాసోవర్ నాబ్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. స్పీకర్లు మరీ చిన్నవైతే కొంచెం పైకి జరపవచ్చు. తరువాత వార్తలు పెట్టండి. చదివే ఆయన గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటే క్రాసోవర్ గాని, బాస్ గాని ఎక్కువైందన్నమాట.

3. ఫేజ్ మీట ఉంటే 0 దగ్గరా, 180 దగ్గరా మార్చి వినండి. ఏ వైపు బాస్ నిండుగా ఉందో అక్కడ ఉంచండి. శక్తి వృథా కాదు, వాల్యూం కాస్త తగ్గించుకోవచ్చు.

4. సబ్‌వూఫర్ వాల్యూంను సున్నా నుంచి మెల్లగా పెంచండి. 'ఆఁ, వచ్చింది' అనిపించిన చోటు నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. కట్టేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు. కూరలో ఉప్పు లాంటిదే ఇదీ.

5. డబ్బా కింద మందపాటి రబ్బరు గాని, ఫోము గాని వెయ్యండి. నేల అదురు తగ్గుతుంది. గాలిలో పోయే శబ్దాన్ని మాత్రం అది ఆపదు. దాన్ని వేశాం కదా అని నాబ్ పెంచకండి.

6. ఆఖరి పరీక్ష ముఖ్యమైనది. రాత్రి పది గంటలకు మామూలుగా వినే పాట వేసి, తలుపు మూసి, మీ అబ్బాయినే వెళ్ళి నాయనమ్మ మంచం మీద రెండు నిమిషాలు పడుకోమనండి. అక్కడ దబదబ వినిపిస్తే నాబ్ ఇంకా తగ్గాలి. భయం లేదు, అడుగు శబ్దాలలో చిన్న తగ్గింపు కూడా చెవికి పెద్దగా తెలుస్తుంది. మంచాన్ని కూడా గోడ నుంచి ఎడంగా జరిపి చూడండి.

రాత్రి పది దాటితే సబ్‌వూఫర్ కట్టేసి, చిన్న స్పీకర్లతోనే వినడం అన్నిటికన్నా మంచిది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ మించరాదు. సొంత సౌండ్ సిస్టం శబ్దం ఇంటి హద్దు దగ్గర ఆ పరిమితికి 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ కారాదు. అపార్టుమెంట్లలో ఉండేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్‌కు మించరాదనీ, మందర శబ్దాలు ఎక్కువగా ఉంటే అంతకన్నా తక్కువే ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది.

మీ అత్తగారికి

నిద్రలో కూడా చెవి పని చేస్తూనే ఉంటుంది. మెలకువ రాకపోయినా శబ్దానికి గుండె వేగం పెరగవచ్చు, గాఢనిద్ర చెదరవచ్చు. బి.పి. ఉన్నవారికి నిద్ర మందుతో సమానం. పెద్దావిడ చెప్పిన మాటను కొట్టిపారెయ్యకండి.

అయితే ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. పాటలు పూర్తిగా ఆపిన రాత్రి కూడా ఆవిడకు గుండె దడ, ఆయాసం, ఛాతీ బరువు ఉంటే అది డబ్బా తప్పు కాదు. ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించి బి.పి. కొలిపించండి, ఇ.సి.జి. తీయించండి. ఛాతీలో నొప్పి వచ్చి చెమటలు పడితే ఇక తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

మరికొన్ని సందేహాలు

ప్రశ్న: సబ్‌వూఫర్ తగిలించినప్పటి నుంచి 'గుంయ్'మని ఒకటే రొద. ప్లగ్గుకున్న మూడో పిన్ను తీసేస్తే పోతుందని స్నేహితుడు చెప్పాడు. తియ్యవచ్చా?

జవాబు: తియ్యకండి! ఆ మూడో పిన్ను ఎర్త్. పరికరంలో లోపం వచ్చి పైడబ్బాకు కరెంటు తగిలితే మీ ప్రాణం కాపాడేది అదే. కంప్యూటర్, సబ్‌వూఫర్ వేర్వేరు ప్లగ్గుల్లో ఉంటే తరచు ఈ రొద వస్తుంది. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: మా నాన్నగారికి గుండెలో పేస్‌మేకర్ పెట్టారు. సబ్‌వూఫర్ దగ్గరకు వెళ్ళవచ్చా?

జవాబు: ఆ గదిలో నిశ్చింతగా కూర్చోవచ్చు. స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది కనుక ఛాతీకి కనీసం అర అడుగు ఎడం ఉండాలి. డబ్బాను రొమ్ముకు ఆనించి ఎత్తడం, మొయ్యడం ఆయన చెయ్యకూడదు.

ప్రశ్న: ఇంట్లో గొడవెందుకని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే?

జవాబు: పక్కగదికి మంచిదే. మీ చెవులకు మాత్రం పైన చెప్పిన లెక్కే. పక్కన కూర్చున్నవారికి మీ పాట వినిపిస్తోందంటే వాల్యూం ఎక్కువైనట్టే. గంటకోసారి తీసి చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

ఒంగోలు సోదరికి చివరిగా ఒక మాట. అబ్బాయిని కోప్పడకండి, అత్తగారికి సర్దిచెప్పకండి. ఆరో పరీక్ష ఒక్కటి చేయించండి. నాయనమ్మ మంచం మీద రెండు నిమిషాలు పడుకుని లేచాక నాబ్ ఎంత తిప్పాలో వాడికే తెలుస్తుంది.