విఠలుడి గుడికి నడిచే వెళ్ళండి

హంపి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది విరూపాక్ష దర్శనం కాగానే మళ్ళీ కారెక్కుతారు. చుట్టూ తిరిగి విఠలాలయం పార్కింగు చేరి, బ్యాటరీ బండి కోసం వరసలో నిలబడి, రాతిరథం ముందు ఫొటో దిగి, చీకటి పడేలోపు హోస్పేట వచ్చేస్తారు. ఈ రెండు గుళ్ళ మధ్య తుంగభద్ర ఒడ్డున సుమారు రెండు కిలోమీటర్ల కాలిబాట ఉంది. హంపిలో మొదట చూడాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం.

బజారు వెంట తూర్పుగా నడిచి, ఏకశిలా నందికి కొంచెం ఇవతలే ఎడమకు మళ్ళితే బండరాళ్ళ సందుల్లోంచి నది కనబడుతుంది. అదే చక్రతీర్థం. నది అక్కడ ఉత్తరానికి తిరుగుతుంది కనుక స్నానం పుణ్యమంటారు. ఒడ్డునే కోదండరాముడి గుడి. సుగ్రీవుడికి పట్టం కట్టింది అక్కడేనని స్థలపురాణం. రేవులో పుట్టిలు ఆగి ఉంటాయి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ వీటి గురించి రాశాడు: బెత్తంతో అల్లి తోలు తొడిగిన గుండ్రటి పడవలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది ఎక్కేవారట. తోలు పోయింది గానీ ఆకారం మారలేదు.

ఇంకాస్త ముందుకెళితే కుడివైపు స్తంభాల వరసలతో విశాలమైన పాత బజారు. దాని చివర 1534 నాటి గుడి. అందరూ అచ్యుతరాయల గుడి అంటారు గానీ, కట్టింది తిరువెంగళనాథుడికి, అంటే మన వేంకటేశ్వరుడికి. ఇప్పుడు గర్భగుడి ఖాళీ. ఆ వీధిలో నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. గుడి ముఖం, బజారు, నడక అన్నీ నదివైపే. కారులో తిరిగినవాళ్ళకు విడివిడి శిథిలాలుగా కనిపించేది ఇక్కడ ఒకే నగరంగా అర్థమవుతుంది.

ఆ తర్వాత నదిలో పాత వంతెన రాతిస్తంభాలు, ఒడ్డున పురందరదాసు మంటపం. సంగీతం నేర్చుకునే మన పిల్లలు సరళీ వరసలతో మొదలుపెట్టేది ఆయన బాటలోనే. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తితే ఈ మంటపం నీళ్ళలో మునుగుతుంది. అక్కణ్ణుంచి తులాభారం ద్వారం దాటితే విఠలాలయం.

1986లో యునెస్కో గుర్తించిన హంపి, కొత్త వంతెనల పనుల వల్ల 1999లో ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాకెక్కింది. 2006లో గానీ అందులోంచి బయటపడలేదు. ఆ తర్వాత మూడేళ్ళకు, కడుతూ ఉన్న వంతెన కూలి మనుషులు పోయారు. కనుక సౌకర్యం పేరుతో ఈ ఒడ్డుకు ఏ బండినీ రానివ్వకూడదు. ఈ నిశ్శబ్దం కూడా కాపాడాల్సిన కట్టడాల్లో ఒకటి.

చలికాలంలో, తెల్లవారగానే బయల్దేరండి. సుడులుంటాయి, ఈతకు దిగకండి. నీళ్ళ సీసా తిరిగి తెచ్చుకోండి. నడవలేని పెద్దవాళ్ళను కారులో విఠలాలయానికి పంపించి, పిల్లలను మాత్రం మీ వెంట నడిపించండి.