కాఫీ పొడి: ధరతోపాటు మరనూ చూడాలి

గింజల ధర పెరిగిన రోజుల్లో కాఫీ వర్తకుని దృష్టి అంతా బస్తా మీదే ఉంటుంది. 2024 సెప్టెంబరులో లండన్ మార్కెట్లో రోబస్టా టన్ను 5,000 డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కులో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. ఇలాంటి సమయంలో ఖాతాదారు "డికాక్షన్ పలచగా దిగుతోంది" అంటే, వర్తకుడు నెపం గింజ మీదికి నెడతాడు. చాలాసార్లు లోపం గింజలో కాదు, మరలో ఉంటుంది.

పొడి ఎంత మెత్తనైతే నీటికి తగిలే భాగం అంత ఎక్కువ. సారం త్వరగా దిగుతుంది. హద్దు మీరితే చేదు దిగుతుంది. బరకైతే నీరు జారిపోయి, సారం పొడిలోనే మిగులుతుంది. కనుక నీరు పొడితో ఎంతసేపు ఉంటుందో చూసి నలుగు నిర్ణయించాలి. ఎస్‌ప్రెసో యంత్రంలో వేడినీరు ఒత్తిడితో అర నిమిషంలోపే దాటిపోతుంది. దానికి బాగా మెత్తని పొడి కావాలి. పొడిని నాలుగు నిమిషాలు నానబెట్టే ఫ్రెంచి ప్రెస్సుకు బరక పొడే తగినది. మన ఇత్తడి, స్టీలు ఫిల్టర్లకు ఈ రెంటికీ నడిమి నలుగు కావాలి. పిండిలా ఆడితే చిల్లులు మూసుకుపోయి చుక్క దిగదు.

చికోరీ కలిపే వారు మరింత జాగ్రత్త పడాలి. చికోరీ నీటిలో తేలికగా కరుగుతుంది, రంగు చిక్కగా ఇస్తుంది. బరక పొడి లోపాన్ని ఆ రంగుతో కప్పిపుచ్చడం వ్యాపారం అనిపించుకోదు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదనీ, పాళ్లు లేబులు మీద వేయాలనీ నిబంధన ఉంది. నలుగు ఏ పాత్రకు తగినదో తెలిపే మాట మాత్రం చాలా పొట్లాల మీద కనిపించదు.

పొడి చేసిన కాఫీకి వాసన గింజ కంటే వేగంగా పోతుంది. ముందే ఆడించి డబ్బాలు నింపుకోవడం కంటే, గింజగా నిల్వ చేసి, "ఏ పాత్రలో కాస్తారు?" అని అడిగి అప్పటికప్పుడు ఆడించి ఇవ్వడం మేలు. మర పలకల మధ్య ఎడం సరిచేయడానికి పట్టేది కొద్ది నిమిషాలే, పెట్టుబడి అక్కరలేదు.

1990 దశకంలో కాఫీ బోర్డు పూలింగు పద్ధతి తొలగి స్వేచ్ఛా విక్రయం వచ్చాక, ధరల ఒడిదుడుకులు నేరుగా వ్యాపారం మీదే పడుతున్నాయి. లండన్, న్యూయార్కు ధరలు మన వర్తకుని చేతిలో లేవు. మర అతని చేతిలోనే ఉంది. అదే సరుకుతో ఖాతాదారుకు మంచి డికాక్షన్ అందితే, ధర పెరిగినా గిరాకీ నిలుస్తుంది.